పేరు చెప్పని ప్రార్థన

ఆ రోజు పొద్దున బీరమ్మ తన కోడలి డబ్బాలో అన్నం సర్ది, పై గిన్నెలో వంకాయ కూర పెట్టి, మూత బిగించేదాకా ఇల్లంతా ఎప్పటిలాగే ఉంది. వాకిట్లో మంచం మీద కూర్చుని మొగుడు ఆదయ్య చాయ్ ఊదుకుంటూ తాగుతున్నాడు. బామ్ని ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సుగా పనిచేసే కోడలు స్వీటీ గదిలోంచి బయటికి వచ్చింది. రోజూ వేసుకునే చేతిసంచి కాకుండా, ఊరికి పోయేటప్పుడు మాత్రమే తీసే నీలం బ్యాగు ఆమె భుజాన వేలాడుతోంది.

"డబ్బా తీస్కో బిడ్డా."

"ఆకలి లేదు."

"ఇప్పుడు లేకుంటే మధ్యాహ్నం అయితది గదా. వంకాయ కూర చేసిన, నీకు ఇష్టమైందే."

స్వీటీ అత్త వైపు కన్నెత్తి కూడా చూడలేదు. చెప్పులు తొడుక్కుని, మామ దగ్గర ఒక్క క్షణం ఆగి, "పోతున్న మామా" అని వాకిలి దాటింది. రోజూ అత్తకు పోయొస్తా అని చెప్పి వెళ్ళే పిల్ల. డబ్బా బీరమ్మ చేతిలోనే ఉండిపోయింది.

"ఏందే, పిల్లను ఏమన్న అన్నవా?" అన్నాడు ఆదయ్య.

"నేనేమంట? నా నోట్లకెళ్ళి ఒక్క మాట గుడ రాలే."

"గట్లయితే ఈ ఇంట్ల వింతనే" అని ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

బీరమ్మకు ఆ వేళాకోళం ఎక్కలేదు. చేయి కడుక్కుని కోడలి గదిలోకి వెళ్ళింది. దండెం మీద చీరలు తగ్గాయి. దువ్వెన లేదు. అద్దం వెనక గూట్లో ఉండాల్సిన మందుల డబ్బా కూడా లేదు. మందులు కూడా తీసుకుపోయిందంటే ఒక పూటకు పోయిన మనిషి కాదు. వెంటనే ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఈసారి మధ్యలోనే కట్ చేశారు.

ఆ మందుల సంగతి ఆ ఇంట్లో పెద్ద గుట్టు. పోయిన వానాకాలం ప్రాణహిత పొంగి దారులన్నీ మునిగినప్పుడు స్వీటీకి ఆరో నెలలో కడుపు పోయింది. ఆ తర్వాత పిల్ల మనిషిలా లేదు. డ్యూటీకి పోయేది, వచ్చేది, వండింది తినేది, కానీ రాత్రంతా గోడకేసి చూస్తూ కూర్చునేది. చివరికి మొగుడు రాజ్‌కుమార్ ఆమెను చంద్రపూర్‌లో మనసు జబ్బుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. గోళీలు మొదలుపెట్టాక కాస్త నిద్ర పట్టింది, ముఖంలో కళ వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళకు మాత్రం బలం గోళీలని చెప్పారు.

మొన్నీమధ్య ఒక మధ్యాహ్నం అత్తాకోడళ్ళిద్దరూ వెనక వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తుండగా, స్వీటీ తనంతట తానే నోరు విప్పింది. "అత్తమ్మా, అవి బలం గోళీలు కావు. నీకు ఒక్కదానికే చెప్తున్న. మా అమ్మకు గుడ చెప్పలే" అంటూ మొత్తం చెప్పుకుంది. చెప్పి చెప్పి ఏడ్చింది. బీరమ్మ ఆ పిల్ల తలను ఒళ్ళో పెట్టుకుని తనూ ఏడ్చింది. ఆ చింతపండు చేతులతోనే కళ్ళు తుడుచుకుని ఇద్దరూ మంట మంట అంటూ చివరికి నవ్వుకున్నారు కూడా. పెళ్ళై వచ్చిన నాలుగేళ్ళలో కోడలు అంత దగ్గరగా రావడం అదే మొదలు.

మరి ఇప్పుడు ఏమైంది? బీరమ్మకు అంతుచిక్కలేదు. తన నోటి మీద ఆమెకు గట్టి నమ్మకం. ఒకప్పుడు ఆమె తిట్టిందంటే వీధి చివరి కుక్కలు కూడా లేచి పక్కకు పోయేవి. బాప్తిస్మం తీసుకున్నాక ఒక్క బూతు మాట ఆడలేదు. నల్లా దగ్గర ఎవరి ముచ్చటైనా వస్తే బిందె ఎత్తుకుని వచ్చేసేది. మొన్న ఆదివారమే పాస్టర్ ఆనంద్ గారు నాలుకను అదుపులో పెట్టుకోవడం గురించి వాక్యం చెప్తే, బీరమ్మ అంతసేపూ ముందు వరుసలో కూర్చున్న టైలర్ సుష్మ వీపు వైపే చూస్తూ, విని బాగుపడు తల్లీ అని మనసులో అనుకుంది.

ఆమెకున్న పేరంతా ప్రార్థనలోనే. బీరమ్మ కళ్ళు మూసుకుని "తండ్రీ" అని గొంతెత్తిందంటే సంఘంలో కళ్ళు తడవని ఆడది ఉండదు. చదువు రాదు కాబట్టి, ఫోన్లోని స్త్రీల ప్రార్థన గ్రూపుకు మిగతావాళ్ళు మనవులు రాసి పంపితే, ఆమె గొంతు రికార్డు చేసి పంపుతుంది. ఏ మనవైనా ఇంటి పేరు, ఊరు, జబ్బు, డాక్టరు చెప్పింది, అన్నీ విడమరిచి చెప్పాల్సిందే. ఆదయ్య అప్పుడప్పుడూ అనేవాడు, "దేవునికి ఎరుక లేనట్టు అన్ని విప్పి చెప్తవేందే?" అని. "అడిగేటోళ్ళు సక్కగ అడగాలె గదా" అనేది బీరమ్మ.

ఇక ఇంట్లో కాలు నిలవక, డబ్బా సంచిలో వేసుకుని ఆటోల అడ్డాకు బయలుదేరింది. అడ్డా ఎదురుగానే గుండయ్య సేటు కిరాణా కొట్టు. గల్లా దగ్గర సేటు భార్య గోదావరి కూర్చుని ఉంది. దేవుళ్ళు వేరైనా వీళ్ళిద్దరిదీ ముప్పై ఏళ్ళ స్నేహం.

"మా స్వీటీ ఎటు పోయింది, చూసినవా గోదారీ?"

"బామ్ని ఆటోనే ఎక్కింది అక్కా. పాపం, మొఖం పీక్కపోయింది" అంటూ గోదావరి చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఇప్పుడెట్లున్నది? నిద్ర పడుతున్నదా?"

బీరమ్మ గల్లా మీదికి వంగింది. "నిద్రేంది? నీకెవలు చెప్పిండ్రు?"

"గట్ల కోపానికి రాకు. మనసు బాగలేకుంటే తప్పేమున్నది?"

"ఎవలు చెప్పిండ్రని అడుగుతున్న! నా కోడలి ముచ్చట ఊర్ల ఏసుకునేటోళ్ళు ఎవలు? చెప్పు, ఇప్పుడే పోయి అడుగుత. వాళ్ళ నోట్ల మన్ను..." బాప్తిస్మానికి ముందటి మాట ఒకటి గొంతు దాకా వచ్చి ఆగింది.

గోదావరి ఇబ్బందిగా కదిలింది. ఫోన్ తీసి, కాసేపు వెతికి, బీరమ్మ చెవి దగ్గర పెట్టింది. "సుష్మ పంపింది అక్కా. ఎంత మంచిగ చేసినవో. నేను విని ఏడ్చిన."

ఫోన్లోంచి వచ్చింది బీరమ్మ గొంతే.

"తండ్రీ, నా ఇంట్ల ఒక బిడ్డ ఉన్నది. పేరు నేను చెప్ప. పోయిన వానకాలం కడుపు పోయిన కాన్నుంచి దాని మనసు ఆగమైంది తండ్రీ. చంద్రపూర్‌ల పిచ్చి డాక్టర్ గోళీలిచ్చిండు. గోళీ మింగకుంటే కన్ను మూయది. ఊళ్ళె పిల్లలకు సూదులేసే చెయ్యి, అయ్యో, ఆ చెయ్యే గడగడ వణుకుతున్నది తండ్రీ..."

వెనక నుంచి ఒకరిద్దరు ఆడవాళ్ళు "స్తోత్రం, స్తోత్రం" అంటున్నారు. పోయిన శుక్రవారం ఉపవాస ప్రార్థన అది. ఆ రోజు రాలేకపోయిన వాళ్ళ కోసమని తనే ఫోన్ దగ్గర పెట్టుకుని చేసి, తనే గ్రూపులో పంపింది. పంపాక ఎందరో "ఆమెన్ అక్కా" అని పెట్టారని సుష్మ చదివి చెబితే, సంతోషపడింది కూడా. ఇప్పుడు కొట్టులో ఉప్పు బస్తా పక్కన నిలబడి వింటుంటే ఆ ఏడుపు గొంతు ఎవరిదో పరాయి మనిషిది అనిపించింది.

"పేరు చెప్పలే గదా నేను" అంది మెల్లగా.

"నీ ఇంట్ల సూదులేసే బిడ్డ ఇంకెవలున్నరక్కా?" అంది గోదావరి. "నేనైతే ఎవలకు పంపలే. గని సుష్మ తల్లిగారిది బామ్నినే గదా. వాళ్ళ వదినెకు పంపినట్టున్నది. ప్రార్థన చెయ్యుమనే పంపింది పాపం."

బీరమ్మ సంచి పట్టుకుని ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఊరంతా తన గొంతే వినిపిస్తున్నట్టనిపించింది. ఎవరి ఇంటి ముందు నుంచి పోయినా, వీళ్ళు విన్నారో లేదో అని కొంగు ముఖానికి లాక్కుంది.

ఇంటి దగ్గర రాజ్‌కుమార్ ఉన్నాడు. ఎస్టీ అనే సర్కారు బస్సులో కండక్టరు. రాత్రి అహేరిలో ఆగి, పొద్దున బండితో వచ్చినట్టున్నాడు. యూనిఫాం కూడా విప్పకుండా వాకిట్లో తండ్రి పక్కన నిలబడి ఉన్నాడు. తల్లిని చూడగానే అతని ముఖం ఎర్రబడింది.

"విన్నవా అమ్మా నీ ప్రార్థన?"

"అరే, నేను పేరు చెప్పలేరా..."

"నా బస్సుల ఒక ముసలాయన టికెట్ తీస్కుంట అడుగుతున్నడు, నీ భార్యకు పిచ్చి తక్కువైందా బిడ్డా అని! మంచి మనసుతోనే అడిగిండు. అందరు మంచి మనసుతోనే అడుగుతున్నరు. బామ్నిల నిన్న నలుగురు తల్లులు పిల్లలకు సూది వద్దని లేసిపోయిండ్రట. ఆ చెయ్యి వణుకుతదట, వద్దన్నరట. తెలుసా నీకు?"

బీరమ్మ మంచం కోడు పట్టుకుంది. "నాకు చెప్పలే గదా."

"నీకు చెప్పుమంటవా? ఇంక గుడ నీకే చెప్పుమంటవా?" రాజ్‌కుమార్ తల పక్కకు తిప్పుకున్నాడు. "ఆమె మధ్యాహ్నం బండికి అహేరి పోతున్నది, వాళ్ళమ్మ కాడికి. వాళ్ళమ్మ గుడ విన్నది. నిన్నటిసంది ఏడుస్తున్నదట. నేను ఆపుతనంటే, ఏ మొఖం పెట్టుకొని ఈ ఇంట్ల ఉండాలె అన్నది. నాకు నోరు రాలే."

"మల్ల వస్తది గదా?"

"నాకేం ఎరుక?"

"దేవునికి చెప్పుకున్న కొడుకా. నా బిడ్డ అనుకోని చెప్పుకున్న. ప్రార్థన చేసుడు గుడ తప్పేనా?" అని బీరమ్మ మొగుడి వైపు తిరిగింది. ఎప్పుడూ ఏదో ఒక మాట విసిరే ఆదయ్య ఈసారి నవ్వలేదు.

"దేవునికి చెప్పినవా, ఊరికి చెప్పినవా? జర నువ్వే చూస్కో బీరమ్మా" అన్నాడు.

పెళ్ళైనప్పటి నుంచి ఆయన ఆమెను పేరు పెట్టి పిలిచింది లేదు. ఆ పిలుపుతో బీరమ్మకు చెంప మీద కొట్టినంత పనైంది. ఏడుపు కూడా రాలేదు. "దాన్ని తీసెయ్‌రా, అందరి ఫోన్లల్లకెళ్ళి తీసెయ్" అని తన ఫోన్ కొడుక్కి ఇచ్చింది. "ఇగ పోదమ్మా అది. ఒకరికెళ్ళి ఒకరికి పోయింది. ఎక్కడిదని తీస్త?" అని అతను ఫోన్ మంచం మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

బీరమ్మ మళ్ళీ సంచి భుజాన వేసుకుంది. బామ్ని ఆటో ఎక్కింది. దారంతా ఒకటే గుబులు, పోయేసరికి పిల్ల బస్సెక్కేసి ఉంటుందేమోనని. ఆటోవాడు మధ్యలో ఎవరి కోసమో ఆగితే, "జర జల్ది పోనియ్ బిడ్డా" అని బతిమాలింది. ఆ గుబుల్లోనే ఆమె లోపల మాటలు కూర్చుకుంటోంది. ఉపకేంద్రం దగ్గర దిగగానే ఆ తల్లులందరినీ కూర్చోబెట్టాలి. నా కోడలు బంగారం అని చెప్పాలి. దానికి ఏ జబ్బూ లేదని, నేనే పొరపాటున అన్నానని చెప్పాలి. అవసరమైతే అక్కడే మోకాళ్ళ మీద పడి గట్టిగా ప్రార్థన చేయాలి. అందరూ ఏడుస్తారు. అప్పుడు అంతా సర్దుకుంటుంది. అలా అనుకుంటే ఆమెకు కాస్త ధైర్యం వచ్చింది.

ఉపకేంద్రం వరండాలో టీకాల రోజు కళ లేదు. స్వీటీ బల్ల వెనక కూర్చుని ఉంది. ముందు మంచుగడ్డల నీలం డబ్బా, సూదులు, దూది. ఆడవాళ్ళు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద, వేపచెట్టు నీడలో విడివిడిగా కూర్చున్నారు. ఒక్కరూ బల్ల దగ్గరికి రావడం లేదు, లేచి ఇంటికీ పోవడం లేదు. బీరమ్మను చూడగానే గుసగుసలు మొదలయ్యాయి. "ఆమెనే, ఆమెనే" అని ఎవరో అన్నారు.

బీరమ్మ మెట్టెక్కి కొంగు సర్దుకుని "వినుండ్రి బిడ్డా..." అని నోరు తెరిచిందో లేదో, స్వీటీ లేచి వచ్చి చేయి పట్టుకుంది. వరండా పక్కకు తీసుకుపోయింది.

"ఎందుకొచ్చినవ్ అత్తమ్మా?"

"డబ్బా తెచ్చిన. నువ్వు పొద్దున..." అంటూనే బీరమ్మ ఆగలేకపోయింది. "నేను చెప్త వాళ్ళకు. నీకు ఏం లేదని అందరి ముందర చెప్త."

"ఏం లేదని ఎట్ల చెప్తవ్? ఉన్నది గదా."

"గట్లయితే ఉన్నదని చెప్పి, గని తక్కువైతున్నదని..."

"అది గుడ నా ముచ్చటనే అత్తమ్మా! ఉన్నదని చెప్పినా నా ముచ్చటనే, లేదని చెప్పినా నా ముచ్చటనే. ఇంకెంత చెప్తవ్?" స్వీటీ గొంతు పెంచలేదు. అందుకే బీరమ్మకు మరింత భయమేసింది. "ఆ దినం నీకు చెప్పినంక ఎంత తేలికైందో తెలుసా నాకు? ఆ రాత్రి గోళీ మింగకుంటనే నిద్ర పట్టింది. నాకు ఒక్క మనిషి దొరికింది అనుకున్న."

బీరమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "దేవుని మీద ఒట్టు బిడ్డా, ప్రేమతోనే..."

"ప్రేమతోనే. నాకు ఎరుకే. ఒక్కటి అడుగుత చెప్పు. చెయ్యి వణుకుతదని నేను ఎప్పుడన్న?"

స్వీటీ ఎప్పుడూ అనలేదు. ఆ మాట ప్రార్థన మంచి ఊపులో ఉన్నప్పుడు దానంతట అదే వచ్చేసింది. అక్కడ ఆ మాట పడితేనే ఆడవాళ్ళు "అయ్యో తండ్రీ" అన్నారు. ఆ అయ్యో కోసమే అన్నదా తను? ఇన్నేళ్ళ ప్రార్థనల్లో ఇంకెన్ని మాటలు అలా వచ్చాయో, ఎవరి ఇళ్ళల్లో పడ్డాయో అనే ఆలోచన వచ్చింది బీరమ్మకు. గోడకు ఆనుకుని కిందనే కూర్చుండిపోయింది.

"ఇగ ఏం మాట్లాడకు. నీకు దండం పెడ్త" అని స్వీటీ మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

బీరమ్మ డబ్బా ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. నోటి నిండా మాటలున్నాయి. ఒక్కటీ బయటికి రానివ్వకుండా పళ్ళు బిగించి పట్టుకుంది. పైన ఎండ ముదురుతోంది. టీకాల డబ్బాలో మంచు కరిగిపోతే ఈ మందులన్నీ వెనక్కి పంపాల్సిందేనని లోపల ఎవరో అంటున్నారు. ఎక్కడో ఒక పసివాడు ఏడుపు అందుకున్నాడు. వాడి తల్లి, నందిత అనే పడుచు పిల్ల, బిడ్డను భుజాన వేసుకుని బీరమ్మ ముందుకు వచ్చి నిలబడింది.

"అమ్మా, ఫోన్ల ప్రార్థన చేసింది నువ్వే గదా? నిజమేనా అదంత? చెయ్యి వణుకుతదా ఆమెకు?"

చెట్టు కింద మాటలు ఆగిపోయాయి. అందరూ ఇటే చూస్తున్నారు. బల్ల వెనక స్వీటీ తల దించుకుంది. బీరమ్మ నోట్లోకి దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఒక్కసారిగా వచ్చాయి. ఇలా నలుగురూ చెవులు రిక్కించి ఎదురుచూసే క్షణం అంటే ఆమెకు ఎంత ఇష్టమో ఆమెకు ఆ క్షణంలోనే అర్థమైంది.

"చెయ్యి వణుకుతదన్నది నా అబద్ధం బిడ్డా. అది నేను కల్పించిన. మిగిలింది నేను చెప్పొద్దు. ఆమె గీడనే ఉన్నది, ఆమెనే అడుగు."

అంతే అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నందిత బల్ల దగ్గరికి నడిచింది.

"గోళీలు మింగుతున్నవట అక్కా, నిజమేనా?"

స్వీటీ తలెత్తింది. అత్త వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ నందితను చూసింది. "నిజమే చెల్లే. నా బిడ్డ పోయినంక నిద్ర లేకుండె. మనసు మంచిగ లేకుండె. మీ అత్త బీపీకి మింగుతది గదా, గట్లనే మింగుతున్న. ఇప్పుడు మంచిగున్న" అని చేయి ముందుకు చాపింది. ఐదు వేళ్ళూ విప్పి అలాగే ఉంచింది. ఆ చేయి కదలలేదు.

నందిత ఆ చేతిని చూసింది. పక్కనున్న వాళ్ళు మెడలు సాచి చూశారు. "పోయినేడు మా పెద్దోనికి నువ్వే ఏసినవ్. జరం గుడ రాలే" అని తనలో తనే అనుకున్నట్టు అని, నందిత పిల్లవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని బల్ల ముందు కూర్చుంది. "మా అక్కకు గుడ గిట్లనే బిడ్డ పోయింది అక్కా. అది ఇప్పటికీ ఎవలతోని మాట్లాడది. ఆ డాక్టర్ పేరు జర నాకు చెప్తవా?"

"చెప్త. ముందు వీన్ని పట్టుకో" అంది స్వీటీ.

పిల్లవాడు కెవ్వుమన్నాడు. ఆ తర్వాత ఇంకొకరు లేచారు, ఇంకొకరు. ఒక ముసలావిడ మాత్రం మనవరాలిని చంకన వేసుకుని, మాకు వద్దమ్మా అంటూ వెళ్ళిపోయింది. బీరమ్మ ఆ వెళ్ళే మనిషిని చూస్తూ, ఆ పిల్లకు ఏమైనా అయితే ఆ భారం తనదేనని మనసులో పెట్టుకుంది. లేచి వెంటపడి ఒప్పించాలని కాళ్ళు తహతహలాడాయి. లేవలేదు.

మధ్యాహ్నం అహేరి బస్సు వచ్చింది. మెట్ల మీద రాజ్‌కుమార్ ఉన్నాడు. స్వీటీ నీలం బ్యాగు భుజాన వేసుకుని రోడ్డు మీదికి వచ్చింది. బీరమ్మ వెంటే నడిచింది. ఎప్పుడొస్తవ్ అని అడగాలని ఉంది. వస్తవా అని అడగాలని ఉంది. మీ అమ్మ కాళ్ళు పట్టుకుంటున్నానని చెప్పు అనాలని ఉంది. ఏదీ అనకుండా డబ్బా ముందుకు చాపింది. స్వీటీ ఆ డబ్బాను కొంచెంసేపు చూసి, చేతిలోకి తీసుకుని బస్సెక్కింది. బస్సు కదిలాక కొడుకు కిటికీలోంచి తల్లిని చూశాడు గానీ, చేయి ఊపలేదు.

ఆ తర్వాతి రోజులు బీరమ్మకు ఎలా గడిచాయో ఆ దేవుడికే తెలియాలి. ఫోన్ మోగితే ఉలిక్కిపడేది. రాజ్‌కుమార్ డ్యూటీ నుంచి వస్తే అతని ముఖంలో ఏముందో వెతుక్కునేది. "మంచిగనే ఉన్నది" అని అతను పొడిగా అంటే, దాని మీద ఇంకో ప్రశ్న వేయకుండా అన్నం వడ్డించేది. నందిత వాళ్ళే కాబోలు, బామ్ని నుంచి ఎవరో నాలుగు జామకాయలు పంపారు. అవి కోడలి కోసమని గూట్లో దాచింది.

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో సుష్మ ఎప్పటిలాగే, "బీరమ్మక్క ప్రార్థనలో నడిపిస్తది" అంది. అందరూ కొంగులు సర్దుకున్నారు.

"ఇయ్యాల నేను వింట సుష్మా. నువ్వే చెయ్" అంది బీరమ్మ.

"అదేంది అక్కా? కోడలి కోసమన్న చెయ్యవా? అహేరి పోయిందట గదా, ఏమైంది?"

"తల్లిగారింటికి పోయింది" అంది బీరమ్మ. ఇంకేమైనా చెబుతుందేమోనని అందరూ ఎదురుచూశారు. ఆమె కళ్ళు మూసుకుంది. ఇంటికి వచ్చి, మంచం మీద బోర్లా పడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఏడుపు ఆదయ్యకు కూడా వినపడలేదు.

ఆదివారం దీపాలు పెట్టే వేళకు వాకిట్లో చెప్పుల చప్పుడైంది. రాజ్‌కుమార్ వెనక స్వీటీ. భుజాన నీలం బ్యాగు, చేతిలో కడిగి తుడిచిన డబ్బా. బీరమ్మ గడపలోనే నిలబడిపోయింది.

"ఇగో డబ్బా" అంది స్వీటీ.

"కాళ్ళు కడుక్కో బిడ్డా" అంది బీరమ్మ. అంతకంటే ఒక్క ముక్క పెరగలేదు.

రోజూలాగే కుటుంబ ప్రార్థనకు నలుగురూ చాప మీద కూర్చున్నారు. ఆదయ్య తన ముక్తసరి ప్రార్థన తాను చేశాడు. తర్వాత వంతు బీరమ్మది. ఆమె తల వంచింది. పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. అడుగుదామంటే అడగాల్సిందంతా ఎదురుగానే కూర్చుని ఉంది. ఆదయ్య ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకున్నాడు.

అప్పుడు స్వీటీ నోరు విప్పింది. ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఆ పిల్ల పైకి ప్రార్థన చేసిందే లేదు. అత్త ముందు నోరు పెగలదని ఒకసారి మొగుడితో అన్నదట.

"తండ్రీ, మమ్మల్ని మల్ల ఒక్క కాడ కూసోబెట్టినవ్, నీకు స్తోత్రం" అని ఆగింది. బీరమ్మ కళ్ళు ఇంకా గట్టిగా మూసుకుంది. ఇప్పుడు వస్తుంది, తన సంగతి మొత్తం, మొగుడి ముందు, కొడుకు ముందు, దేవుడి ముందు. రావాల్సిందే. వస్తే విని తీరాల్సిందే.

"మా అత్తమ్మ సంగతి..." అంది స్వీటీ. చాప మీద చేయి జరిపి, తడుముకుని, బీరమ్మ చేతిని పట్టుకుంది. "నీకు ఎరుకే తండ్రీ. ఆమెన్."

"ఆమెన్" అన్నాడు ఆదయ్య. "ఆమెన్" అన్నాడు రాజ్‌కుమార్.

బీరమ్మ ఆమెన్ అనలేకపోయింది. ఆ చేతిలో తన చెయ్యే గడగడ వణుకుతుంటే, కోడలు దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చుంది.